‘గిరి’: ఒక రూపం, మూడు మూలాలు – తిరుమలగిరి పేరు ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే దారిలో ఉన్న తిరుమలగిరి ఒకటి. నాగార్జునసాగర్ ప్రాంతంలో 2016లో మండల కేంద్రంగా ఏర్పడిన తిరుమలగిరి మరొకటి. కోదాడకు తూర్పున ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటాక జగ్గయ్యపేట మండలంలో వేంకటేశ్వరాలయంతో ప్రసిద్ధమైన తిరుమలగిరి ఇంకొకటి. సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇంగ్లీషువారి రాతల్లో ‘ట్రిమల్‌ఘెరీ’గా మారినది నాలుగవది. తెలుగు నేల మీద ఇన్నిచోట్ల వినిపించే ఈ పేరును విడదీసి చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. ‘తిరు’ అంటే పవిత్రమైన, శ్రీకరమైన అని అర్థం. ‘మల’ అంటే కొండ. ‘గిరి’ అన్నా కొండే. ఒకే పేరులో కొండ రెండుసార్లు ఎందుకు వచ్చింది?

ఈ ప్రశ్న ‘మల’ దగ్గర మొదలైనా ‘గిరి’ దగ్గరకు చేరేసరికి మరింత ఆసక్తికరమవుతుంది. నేటి తెలుగులో ‘గిరి’ అనే రెండక్షరాల రూపం కనీసం మూడు వేరువేరు భాషామూలాల నుంచి వచ్చిన మాటలకు ఉమ్మడి ఆకారం. తిరుమలగిరిలోని గిరి సంస్కృతం. ‘గిరి గీసుకుని కూర్చున్నాడు’ అనేటప్పటి గిరి దేశ్యం. ‘పట్వారీగిరి’, ‘దాదాగిరి’ అనేటప్పటిది పారసీకం. వీటి మధ్య అర్థసంబంధం గానీ జన్మసంబంధం గానీ లేదు. అయినా ఇవి మూడూ సూర్యాపేట ప్రాంతపు ఒకే గ్రామంలో, ఒకే మనిషి నోట, ఒకే రోజు వినబడగలవు.

కొండ అనే గిరి

సంస్కృత ‘గిరి’కి బంధువర్గం విస్తృతమైనది. అవెస్తాలో ‘గైరి’, పష్తోలో ‘ఘర్’, రష్యన్‌లో ‘గొరా’ అన్నీ కొండనే చెప్తాయి. దక్కనులో ఈ మాట ఎంత పాతదో తెలుసుకోవడానికి నాసిక్ గుహలోని గౌతమీ బాలశ్రీ శాసనం మంచి ఆధారం. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన ఆ ప్రాకృత శాసనం గౌతమీపుత్ర శాతకర్ణిని అనేక పర్వతాలకు ప్రభువుగా కీర్తిస్తూ ఆ జాబితాలో కణ్హగిరిని, సేటగిరిని పేర్కొంటుంది. కణ్హగిరి, అంటే కృష్ణగిరి, నేటి ముంబయి దగ్గరి కన్హేరి. వాడుకలో అరిగిపోయి ‘గిరి’ అక్కడ ‘‑ఏరి’గా మిగిలింది. సౌరాష్ట్రలో గిరినగరం గిర్నార్ అయింది. అంటే స్థలనామంలో చేరిన గిరి రాయిలా స్థిరంగా ఉండదు, స్థానిక ఉచ్చారణకు లోబడి కరుగుతుంది. ఈ విషయం భువనగిరి దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

తిరుమలగిరికి పొరుగునే మరో ‘గిరి’ ఉంది. ఫణిగిరి బౌద్ధక్షేత్రం 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు నల్లగొండ జిల్లా తిరుమలగిరి మండలంలోనే ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉంది. పాము పడగను తలపించే కొండ కాబట్టి ఫణిగిరి అన్న వివరణ ప్రచారంలో ఉంది. అక్కడ దొరికిన తోరణ శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని కాలపు శాసనం కూడా అక్కడే లభించింది. ఫణిగిరి, తిరుమలగిరి అనే ఈ రెండు పేర్ల నిర్మాణం ఒకటి కాదు. ఫణి, గిరి రెండూ సంస్కృత పదాలే కాబట్టి అది సిద్ధసమాసం. తిరుమలగిరి అలా కాదు.

‘మల’ ద్రావిడ పదం. తమిళంలో ‘మలై’, మలయాళంలో ‘మల’, కన్నడంలో ‘మలె’. సంస్కృతంలోని ‘మలయ’ పర్వతనామం కూడా ఇక్కడి నుంచి వెళ్లినదేనని భాషావేత్తల అభిప్రాయం. తెలుగులో ఇది నల్లమల, ఎర్రమల వంటి పేర్లలో నిలిచింది. కానీ విడిమాటగా వాడుక తప్పింది. ఈనాటి తెలుగువారికి ‘మల’ అని ఒంటరిగా వినిపిస్తే కొండ స్ఫురించదు. సంస్కృత ‘మలము’ అడ్డువచ్చి మరో అర్థం స్ఫురిస్తుంది. ఈ స్థితిలో ‘తిరుమల’ అన్నది ‘పవిత్రమైన కొండ’ అని విడదీసి అర్థం చేసుకునే సమాసంగా కాక, స్వామి నెలవుకు స్థిరపడిన సంజ్ఞగా మాత్రమే వినిపిస్తుంది. అలా సంజ్ఞ అయిపోయిన తరువాతే దాని మీద ‘గిరి’ చేరడానికి వీలు కలిగింది. పేరు పెట్టినవారి దృష్టిలో తిరుమలగిరి అంటే ‘పవిత్రమైన కొండ కొండ’ కాదు, ‘తిరుమల వంటి కొండ’ లేదా ‘తిరుమలేశుని కొండ’. కాబట్టి దీన్ని పునరుక్తి దోషంగా చూడటం సరికాదు. పైగా ఇందులో ఒక కాలక్రమ సూచన ఉంది. ‘మల’ అర్థవంతంగా ఉన్న దశలో పుట్టినవి నల్లమల వంటి పేర్లు. ఆ అర్థం మరుగున పడిన దశలో పుట్టినవి తిరుమలగిరి వంటి పేర్లు. అన్ని తిరుమలగిరులకూ ఒకే కాలాన్ని ఆపాదించలేం గానీ ఈ పేరు నమూనా మాత్రం మొదటిదానికి తరువాతిదే కావాలి.

ఇదే ప్రక్రియ గిరి మీద కూడా జరిగింది. యాదగిరిగుట్ట అనేటప్పుడు గిరి పక్కన గుట్ట చేరింది. తెలంగాణ వాడుకలో విడిగా కొండను చెప్పడానికి ‘గుట్ట’, ‘గట్టు’, ‘బోడు’ వంటి మాటలున్నాయి. ‘గిరి ఎక్కి వచ్చాను’ అని ఎవరూ అనరు. అంటే మల ఎలా పేర్లలో గడ్డకట్టిందో గిరి కూడా వాడుకభాషలో అలాగే గడ్డకట్టింది. ప్రజలు దానికి తమ మాటను జోడించి అర్థాన్ని తిరిగి తెచ్చుకున్నారు. పాలకులు మరో దారి పట్టారు. యాదగిరిగుట్టను యాదాద్రిగా మార్చిన తరువాత 2016లో ఏర్పడిన జిల్లాకు ‘యాదాద్రి భువనగిరి’ అని పేరు వచ్చింది. అద్రి, గిరి రెండూ కొండలే. 2024లో ఆ క్షేత్రానికి పాత పేరే ఉంటుందని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సంస్కృత పదానికి సంస్కృత పర్యాయపదాన్ని పెట్టిన ఈ మార్పులో భాషాపరంగా పోయింది గిరి కాదు, గుట్ట. ఆ పేరులో స్థానికమైనది, అందరికీ అర్థమయ్యేది అదొక్కటే.

వ్యక్తినామాల్లోనూ ఈ గిరి విరివిగా ఉంది. తెలంగాణలో యాదగిరి అన్న పేరు లేని ఊరు అరుదు. భారత రాష్ట్రపతిగా 1969 నుంచి 1974 వరకు పనిచేసిన వరాహగిరి వెంకటగిరి ఇంటిపేరులో ఒక గిరి, సొంతపేరులో ఒక గిరి ఉన్నాయి. దశనామి సన్న్యాస సంప్రదాయంలో ‘గిరి’, ‘పర్వత’ రెండూ వేరువేరు నామాలుగా ఉండటం గమనించదగినది. సంజ్ఞలుగా మారిన పర్యాయపదాలు పర్యాయపదాలుగా మిగలవు.

గీత అనే గిరి

‘గిరి గీయడం’ అనే పలుకుబడిలోని గిరికి నేల మీద గీసిన హద్దు, వలయం అని అర్థం. పిల్లల ఆటల్లో గీసే వలయం గిరే. తనకు తాను పరిమితి విధించుకున్న మనిషిని ‘గిరి గీసుకున్నాడు’ అంటారు. మూడింటిలో ఇదొక్కటే నేటి తెలుగులో విడిమాటగా, ప్రథమావిభక్తిలో స్వతంత్రంగా నిలబడగలిగేది. కొండ గిరి సమాసంలోనే బతుకుతోంది. పారసీక గిరి ప్రత్యయంగానే బతుకుతోంది.

దీని వ్యుత్పత్తికి రెండు దారులు కనబడతాయి. మొదటిది ‘గీఱు’ ధాతువు. తెలుగులో గీఱు, గీయు, గీత, తమిళంలో ‘కీఱు’, కన్నడంలో గీత అనే అర్థంలో ‘గెరె’ ఒకే కుటుంబానికి చెందినవి. రెండవది ‘గిఱ్ఱున’, ‘గిరగిర’, ‘గిరక’ అనే తిరుగుడు అర్థపు పదవర్గం. గిరి సాధారణంగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి రెండో దారి మొదట ఆకర్షిస్తుంది. కానీ గిరి అన్న నామానికి తోడుగా వచ్చే క్రియ ‘తిప్పు’ కాదు, ‘గీయు’. ‘ఆట ఆడు’, ‘పాట పాడు’ వలె ఇది సజాతీయ కర్మ గల ప్రయోగం. పైగా హద్దు అన్న అర్థం వలయాకారం లేకపోయినా నిలుస్తుంది. ఈ రెండు కారణాల వల్ల గీఱు ధాతువే ఎక్కువ సమంజసం. గుండ్రదనం గీసే సందర్భం వల్ల వచ్చింది, మాట వల్ల కాదు.

ఈ నిర్ణయానికి లిపిపరమైన ఒక ఫలితం ఉంది. గీఱులోనిది బండి ఱ. సంస్కృతంలో ఈ ధ్వని లేదు కాబట్టి కొండ అనే గిరిలోనిది సాధురేఫ. శకటరేఫను, సాధురేఫను వేరుగా పలికిన కాలంలో ఈ రెండు మాటలూ ఒకే మాటలా వినిపించి ఉండవు. పద్యకవులు చాలాకాలం పాటించిన రేఫభేదం ఉచ్చారణలో ముందే పోయి, ఆధునిక ముద్రణలో రాతలోనూ పోయింది. ఇక్కడ అనేకార్థకత భాషకు సహజంగా ఉన్న గుణం కాదు, ఒక అక్షరం వాడుక తప్పడం వల్ల కలిగిన పరిణామం. బండి ఱను అనవసరపు బరువుగా తీసివేసిన లిపి సంస్కరణ వాదనలో న్యాయం ఉంది. కానీ పదచరిత్ర రాసేవారు ఆ బరువును మళ్లీ ఎత్తుకోక తప్పదు.

గిరి గీయడం వెనుక ఒక సామాజిక ఆచారం కూడా ఉంది. 13వ శతాబ్ది చివర దక్షిణ భారత తీరానికి వచ్చిన మార్కోపోలో మాబర్ దేశం గురించి రాస్తూ ఒక అప్పుల ఆచారాన్ని వర్ణించాడు. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని బాకీదారు చుట్టూ అప్పిచ్చినవాడు ఒక వలయం గీయగలిగితే, బాకీ తీర్చేదాకా లేదా తగిన హామీ ఇచ్చేదాకా అతడు ఆ వలయం దాటరాదు. దాటితే మరణదండన. ఒక విదేశీ వర్తకుడు రాజు చుట్టూనే అలా గీస్తే రాజు సైతం బాకీ చెల్లేదాకా గుర్రం కదపలేదని మార్కోపోలో కథనం. మాబర్ తమిళతీరం. అయితే అదే గ్రంథంలో అతడు తెలుగుతీరపు మోటుపల్లిని ‘ముత్ఫిలి’గా పేర్కొని, అక్కడ పాలిస్తున్న రాణిని, అంటే కాకతి రుద్రమదేవిని, ప్రశంసించాడు. గీత దాటరాదన్న కట్టుబాటుకు న్యాయబలం ఉన్న సమాజం తెలుగునేల పొరుగున ఉండేదని ఈ వర్ణన వల్ల తెలుస్తుంది. తెలుగు పలుకుబడి ఆ ఆచారం నుంచే పుట్టిందని దీని ఆధారంగా చెప్పడం తొందరపాటు. కానీ ‘గిరి’ కేవలం ఆటమాట కాదని, బాకీ, బందీ, ప్రమాణం వంటి బరువైన సందర్భాలకు తగినదని అర్థం చేసుకోవచ్చు. వాల్మీకంలో కనబడని లక్ష్మణుని గీతలు రంగనాథ రామాయణంలో చోటుచేసుకోవడాన్ని కూడా ఈ నేపథ్యంలో చూడవచ్చు.

పట్టు అనే గిరి

మూడవ గిరి నిజాం రాష్ట్ర పాలనాభాషతో తెలంగాణ పల్లెకు చేరింది. పారసీకంలో ‘గిరిఫ్తన్’ అంటే పట్టుకొను. దాని వర్తమాన ధాతురూపం ‘గీర్’. జా అంటే చోటు. చోటును పట్టుకున్నది జాగీరు. జహాన్ అంటే లోకం. లోకాన్ని పట్టినవాడు జహంగీరు. పోలీసులు పట్టుకుంటే గిరఫ్తారు. దస్త్ అంటే చేయి; చేయి పట్టి ఆదుకునేవాడు దస్తగీరు. బాగ్దాదుకు చెందిన సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఇది బిరుదు. రాయలసీమలో వినిపించే ‘దస్తగిరి’ అన్న పేరు ఇదే. దీని చివరి దీర్ఘం తెలుగులో హ్రస్వమై ఇకారాంతం కావడంతో వెంకటగిరి, దస్తగిరి ఒకే మూసలో పోసిన పేర్లలా కనిపిస్తాయి. ఒకదానిలో కొండ ఉంది, మరోదానిలో చేయి పట్టుకోవడం ఉంది.

ప్రత్యయంగా వచ్చే ‘‑గిరి’లో నిజానికి రెండు పారసీక ప్రత్యయాలు కలిసిపోయాయి. ‘గీర్’ నుంచి వచ్చిన ‘‑గీరీ’ ఒకటి. సౌదాగరు, కారీగరు వంటి వృత్తివాచకాల్లోని ‘గర్’ నుంచి వచ్చిన ‘‑గరీ’ మరొకటి. మొదటిది పట్టును, రెండవది పనిని చెప్తుంది. పట్వారీగిరి అన్నప్పుడు రెండూ సరిపోతాయి, అది పనీ అవును, పట్టూ అవును. సర్కారు జిల్లాల్లో ఇదే హోదాను ‘కరణీకం’ అన్నారు. తెలంగాణలో అది ‘పట్వారీగిరి’, దాని పక్కనే ‘పటేల్‌గిరి’. వంశపారంపర్యంగా సంక్రమించే అధికారం, రాబడి, ఊరి లెక్కల మీద గుత్తాధిపత్యం ఈ ప్రత్యయంలో ఇమిడి ఉండేవి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ గ్రామాధికార వ్యవస్థను రద్దు చేసింది. దానితో హోదాను చెప్పే ప్రయోగం వెనుకబడింది. దాదాగిరి, గూండాగిరి, చెంచాగిరి వంటి నిందార్థక ప్రయోగాలు ముందుకు వచ్చాయి. 2006లో హిందీ సినిమా ద్వారా వ్యాపించిన ‘గాంధీగిరి’ ఆ నిందను తిప్పికొట్టే ప్రయత్నం. దానిలోని చమత్కారం అర్థం కావాలంటే ప్రత్యయానికి అప్పటికే చెడ్డపేరు ఉండాలి. హోదావాచకం నడవడివాచకం కావడంలో హిందీ ప్రభావం ఉంది, సందేహం లేదు. అయితే పటేల్ పట్వారీల పాలనను అనుభవించిన పల్లెకు ఆ అర్థం బయటినుంచి నేర్చుకోవలసినంత కొత్తది కాదు.

ఇంతవరకు ఇవి వేరువేరు దారులు. వాటిని దగ్గరకు తెచ్చింది దఫ్తరు. 1880ల నుంచి హైదరాబాదు రాష్ట్రంలో ఉర్దూ పాలనాభాష అయింది. ఉర్దూ రాతలో హ్రస్వ ఇకారాన్ని సాధారణంగా గుర్తించరు. గాఫ్, రే, యే అనే మూడక్షరాలు రాస్తే దానిని ‘గిరీ’ అని చదవవచ్చు, ‘గరీ’ అనీ చదవవచ్చు. కొండకూ వృత్తిప్రత్యయానికీ రాతలో తేడా లేదు. భువనగిరి ఉర్దూలో ‘భోంగీర్’ అయింది. దాని చివరి మూడక్షరాలు జాగీరు చివర ఉన్నవే. యాదగిరి, అంటే నేటి కర్ణాటకలోని జిల్లా కేంద్రం, ‘యాద్‌గీర్’ అయింది. స్మారకం అనే అర్థం గల ‘యాద్‌గార్’కూ దీనికీ ఒక్క అక్షరమే తేడా. అంతకు చాలా ముందే ఢిల్లీ సుల్తానుల కాలపు పారసీక చరిత్రకారులు దేవగిరిని ‘దేవ్‌గీర్’ అని రాశారు. కాబట్టి ఇది నిజాం దఫ్తరుతో మొదలైనది కాదు, దానితో ఊరూరికీ చేరినది. తిరుమలగిరి మాత్రం ‘‑గీర్’ కాలేదు. తెలుగు నోట ‘తిర్మలగిరి’గా, కంటోన్మెంటు రాతల్లో ‘ట్రిమల్‌ఘెరీ’గా చివరి ఇకారాన్ని నిలుపుకుంది.

కలపరాని కలయికలు

మూడు గిరుల అర్థాలను కలిపే వ్యుత్పత్తులు అల్లడం సులభం. తొల్కాప్పియం పాయిరం తమిళభూమికి ఉత్తరపు హద్దుగా వేంగడాన్ని, అంటే తిరుమల కొండను చెప్పింది. కొండ హద్దు, గిరి హద్దు, కాబట్టి రెండూ ఒకటే అనవచ్చు. అప్పులవాణ్ణి గిరిలో పట్టి ఉంచుతారు, పారసీక గీర్ అంటే పట్టు, కాబట్టి అవీ ఒకటే అనవచ్చు. వినడానికి ఇంపైన ఇలాంటి వాదాలు స్థలపురాణాల్లో ఉంటే దోషం లేదు. పరిశోధన వ్యాసాల్లో కనబడితేనే ఇబ్బంది. మొదటిదానికి రేఫభేదం అడ్డు. రెండవదానికి ‘గీయు’ అన్న క్రియ అడ్డు. పారసీకం రాకముందు కూడా గీఱు, గీత, గీయు ఉన్నాయి.

నిఘంటునిర్మాణంలో వీటిని ఒకే ఆరోపం కింద 1, 2, 3 అంకెలతో అర్థభేదాలుగా ఇవ్వడం పాఠకునికి తప్పుదారి చూపుతుంది. ఒకే మాటకు అర్థాలు విస్తరించాయన్న భావన కలుగుతుంది. మూడు ఆరోపాలు వేరుగా ఉండాలి. దేశ్యానికి పక్కన ఱకార రూపాన్ని చూపాలి. ప్రత్యయాన్ని ప్రత్యయంగానే గుర్తించి దస్తగిరి, జాగీరు ఆరోపాలకు దారి చూపాలి. తెలుగు మాట్లాడేవారు ఈ మూడింటి మధ్య ఎన్నడూ తికమకపడకపోవడానికి కారణం వాటి స్థానభేదమే. పేరు చివర వస్తే కొండ, ‘గీయు’ ముందు వస్తే హద్దు, మనిషినో హోదానో చెప్పే మాట చివర వస్తే ప్రవర్తన.

ఈ స్థానసూత్రానికి లొంగని మాట ఒకటుంది. ‘గిరిజన’లో గిరి ముందు నిలిచింది. 20వ శతాబ్దిలో ‘హరిజన’ నమూనాలో ప్రచారం పొందిన ఈ మాట పాలనాభాషలో స్థిరపడింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పేరులోనూ, 1960ల శ్రీకాకుళం ఉద్యమపు గిరిజన సంఘం పేరులోనూ ఇదే ఉంది. శ్రీకాకుళం ఏజెన్సీలో కొండ నిజంగా ఉంది, కాబట్టి మాట అక్కడ సార్థకం. తిరుమలగిరి చుట్టుపక్కల ఈ మాట వర్తించేది ప్రధానంగా లంబాడా తండాలకు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ మైదానపు దారుల్లో తిరిగి, తరువాత సేద్యంలో స్థిరపడిన ఈ సమూహాన్ని తెలంగాణ ప్రాంతంలో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976 నాటి సవరణ చట్టం. దానితో వారు దస్త్రాల్లో గిరిజనులయ్యారు. వారి చరిత్రలో బాట ఉంది, మంద ఉంది, బీడు భూమి ఉంది, కొండ లేదు. ఆదివాసీ అన్న మాటను కోరేవారికీ, గిరిజన అన్న మాటతో హక్కు పొందినవారికీ నడుస్తున్న వివాదంలో ఈ పదం అర్థం చట్టపరమైనది మాత్రమే అయిపోయింది. తండా నుంచి తిరుమలగిరి సంతకు వచ్చే మనిషికి ఊరి పేరులోని గిరి, కులధ్రువీకరణ పత్రంలోని గిరి ఒకే సంస్కృత పదం. ఆ మనిషి మాట్లాడే గోర్‌బోలీలో అది రెండుచోట్లా పరాయి మాటే.